‘డ్రై జిన్’ పొడి జిన్ అవుతుందా?

ఒక అనువాదంలో ‘లండన్ పొడి జిన్’ అని చూశాననీ, అది సరేనా అనీ నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. సరికాదనే నా అభిప్రాయం. ఈ డ్రైకి తడిపొడులతో సంబంధం లేదు, తీపి లేదని అర్థం. యూరప్ నిబంధనల ప్రకారం లండన్ జిన్‌లో లీటరుకు 0.1 గ్రాముకు మించి తీపి పదార్థం ఉండకూడదు. ‘తీపి కలపని జిన్’ అంటే చాలు. ‘చప్పిడి జిన్’ అన్న సూచన కూడా వచ్చింది గానీ, చప్పిడి అనగానే ఉప్పూకారం లేని పథ్యం కూడు గుర్తొస్తుంది. జునిపర్ అనే సూదాకుల పొద కాయలు, ధనియాలు, నిమ్మ, నారింజ తొక్కలు వేసి కాచిన సారాయిని చప్పిడి అనడం అన్యాయం.

జిన్‌లో వెర్మూత్ అనే మూలికల వైన్ కలిపి చేసే డ్రై మార్టినీలో అదే మాటకు వేరే అర్థం. అక్కడ డ్రై అంటే వెర్మూత్ వంతు తక్కువ అని. అందుకే అక్కడ డ్రైని డ్రైగానే ఉంచాలి.

క్రాఫ్ట్ జిన్‌కి నేను ‘చిన్న బట్టీ జిన్’ అంటాను. బట్టీ అంటే నాటుసారా గుర్తొస్తుందని కొందరు అడ్డు చెబుతారు. రానివ్వండి. కాయడం, బట్టీ పెట్టడం ఆ పనికి మనకున్న సొంత మాటలు. వాటిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

అసలు జిన్ రుచి చెప్పడానికి తెలుగుకి లోటేం లేదు. ఎండాకాలం ఐసు, టానిక్ వాటర్, నిమ్మచెక్కతో తాగే జిన్‌లో ముందు తగిలేది ఆ టానిక్‌లోని క్వినైన్ చేదు. ఇంగ్లండులో స్లో జిన్ అని ఒకటుంది. శరదృతువులో కోసిన ‘స్లో’ అనే చిన్న నల్లని పళ్లను చక్కెరతో కలిపి జిన్‌లో నెలల తరబడి నానబెట్టి, చలికాలంలో తాగుతారు. ఆ పళ్లు నోట్లో వేసుకుంటే పచ్చి నేరేడు కాయలా నాలుక పట్టేస్తుంది. ఆ గుణాన్ని ‘వగరు’ అన్న ఒక్క మాటలో చెప్పేస్తాం. జిన్, కాంపారీ అనే ఇటలీ చేదు మద్యం, తీపి వెర్మూత్ సమపాళ్లలో కలిపే నెగ్రోనీది ‘చేదుతీపి’. వాన పడే సాయంత్రం, తొందర లేని మనసుకు అది బాగా నప్పుతుంది. ఇలాంటి చోట ‘విభిన్న రుచుల సమ్మేళనం’ అని రాసి తప్పించుకోకూడదు. ఏ రుచో పేరు పెట్టి చెప్పాలి.

జునిపర్‌కి ఆయుర్వేదంలో ‘హపుష’ అనే పేరుంది. గోవాలో కాచే ‘హపూసా’ జిన్ పేరు దాన్నుంచే వచ్చింది. అందులో వేసేది హిమాలయాల జునిపర్. తెలుగు వ్యాసంలో ఒకసారి ‘హపుష, అంటే జునిపర్’ అని చెప్పి ముందుకు సాగొచ్చు.

నాకు ఇంకా కుదరనిది ఆ కాయ వాసన. దేవదారు చెక్క, గుగ్గిలం, కొంచెం మిరియం కలిసినట్టుంటుంది. ‘గుగ్గిలపు వాసన’ అంటే పూజగది పొగ తలపుకొస్తుందేమోనని వెనకాడుతున్నాను. మీ వైపు చెట్ల బంక వాసనకు వాడే మాట ఏదైనా ఉంటే, ఏ ప్రాంతమో కూడా రాయండి.