కొనబోయే గ్యాస్ లైన్ ఎవరి పరిధిలోది? ముందే ఫెర్క్‌ని అడగాలా, కాంట్రాక్టులో సర్దుకోవాలా?

కొత్త అసోసియేట్:
అమెరికాలో ఒక గ్యాస్ పైప్‌లైన్ డీల్‌లో కొనేవాళ్ల తరఫున పనిచేస్తున్నాను. లైన్ మొత్తం ఒకే రాష్ట్రంలో ఉంది. బావుల దగ్గర గ్యాస్ పోగుచేసే గ్యాదరింగ్ లైన్ అని చెప్పి ఇన్నాళ్లూ నడిపారు, అందుకని ఫెర్క్ (ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్) సర్టిఫికెట్ లేదు. తీరా కాగితాలు చూస్తే చివరి ముక్క ప్రాసెసింగ్ ప్లాంట్ దాటి వెళ్లి అంతర్రాష్ట్ర లైన్‌లో కలుస్తోంది. మా టీమ్‌లో సగంమంది ఫెర్క్ దగ్గర డిక్లరేటరీ ఆర్డర్ (లైన్ తన పరిధిలోదో కాదో తేల్చి చెప్పే ఉత్తర్వు) అడిగి, అది వచ్చాకే డీల్ క్లోజ్ చేద్దామంటున్నారు. మిగతావాళ్లు ఇండెమ్నిటీ (తర్వాత నష్టం వస్తే అమ్మేవాళ్లే భరిస్తారన్న హామీ) రాయించుకుని ముందుకెళ్దామంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

డీల్ డెస్క్:
అడగొద్దు. అది కొరివితో తల గోక్కోవడమే. పిటిషన్ వేస్తే అది పబ్లిక్ రికార్డు. షిప్పర్లు (లైన్‌లో గ్యాస్ పంపేవాళ్లు), పోటీదారులు అందరూ అందులో కలగజేసుకుంటారు. ఆర్డర్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఈలోపు ఫైనాన్సింగ్ గడువు దాటిపోతుంది. ఆస్తి కాకుండా కంపెనీ షేర్లు కొనండి. కరెంటు కంపెనీలకు ఫెడరల్ పవర్ యాక్ట్ 203 సెక్షన్ కింద విలీనానికి అనుమతి కావాలి. నేచురల్ గ్యాస్ యాక్ట్‌లో షేర్ల అమ్మకానికి అలాంటి సెక్షనే లేదు. స్పెషల్ ఇండెమ్నిటీ పెట్టి, కొంత డబ్బు ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర) ఉంచితే చాలు.

పాత ఫైలు:
డీల్ డెస్క్ గారూ, షేర్ల సంగతి నిజమే. కానీ షేర్లు కొంటే కంపెనీ పాత పాపాలు కూడా మన ఖాతాలోకే వస్తాయి కదా. ఇండెమ్నిటీ డబ్బు ఇస్తుంది, సర్టిఫికెట్ ఇవ్వదు. లైన్ నిజంగా ఫెర్క్ పరిధిలోదే అయితే నేచురల్ గ్యాస్ యాక్ట్ 7(సి) సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ లేకుండా నడుపుతున్న ప్రతిరోజూ ఉల్లంఘనే. 2005 ఎనర్జీ పాలసీ యాక్ట్ జరిమానాని ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 10 లక్షల డాలర్ల దాకా పెంచింది. ద్రవ్యోల్బణం సవరణలతో ఇప్పుడు అంతకంటే ఎక్కువే. మీ ఎస్క్రో ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంకోటి, "రాష్ట్రం దాటలేదు" అన్న మాట మీద ఆధారపడొద్దు. ఈస్ట్ ఓహియో కేసులో కంపెనీ లైన్లన్నీ ఓహియోలోనే ఉన్నాయి. అయినా బయటి నుంచి వచ్చిన గ్యాస్ తీసుకెళ్తోంది కాబట్టి ఫెడరల్ పరిధిలోదేనని 1950లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి విరుగుడుగా కాంగ్రెస్ 1954లో హిన్షా సవరణ (అలాంటి లైన్లకు ఫెడరల్ పరిధి నుంచి మినహాయింపు) తెచ్చింది. అది వర్తించాలంటే గ్యాస్ మొత్తం ఆ రాష్ట్రంలోనే వాడాలి, రాష్ట్ర కమిషన్ నియంత్రణ ఉండాలి. ఇక్కడ గ్యాస్ బయటికే పోతోంది.

డీల్ డెస్క్:
ఈ చరిత్రంతా బాగుంది గానీ, గ్యాదరింగ్‌కి చట్టం వర్తించదని సెక్షన్ 1(బి)లోనే రాసి ఉంది సార్. అమ్మేవాళ్లు అది గ్యాదరింగేనని వారంటీ ఇస్తున్నారు.

పాత ఫైలు:
మనం కాగితం మీద ఏం రాసుకున్నామో దాన్నిబట్టి పరిధి మారదు. 1965 లో-వాకా కేసులో ఈ గ్యాస్‌ని ఫలానా వాడకానికే అని కాంట్రాక్టులో రాసుకున్నారు. గొట్టంలో అది మిగతా గ్యాస్‌తో కలిసిపోయింది. కోర్టు గొట్టాన్నే చూసింది.

కంప్రెసర్ రూమ్:
నేను లాయర్‌ని కాదు, ఫీల్డ్ ఇంజనీర్‌ని. ఫెర్క్ 1983 ఫార్మ్‌లాండ్ కేసు నుంచి "ప్రైమరీ ఫంక్షన్" (లైన్ ముఖ్యమైన పని ఏంటి) పరీక్ష వాడుతుంది. పొడవు, వ్యాసం, ప్రెషర్, కంప్రెసర్లు, ప్లాంట్ ఎక్కడున్నాయి, లైన్ పొడవునా బావులున్నాయా, ఇలాంటివి కలిపి చూస్తారు. ఏ ఒక్కటీ తేల్చదు. నేను ఒకచోట పనిచేసినప్పుడు మ్యాప్ మీద "గ్యాదరింగ్" అని రాసి ఉండేది. పక్కనున్న బావులు ఎప్పుడో మూసేశారు. కొత్త బావులన్నీ పైన చాలా దూరంలో పడ్డాయి. అంటే ఆ లైన్ పోగుచేయడం మానేసి, మోయడమే పనిగా పెట్టుకుంది. ఎవరూ ఒక్క బోల్టు కూడా తిప్పలేదు, లైన్ పని మాత్రం మారిపోయింది! మీ మ్యాప్ ఏ ఏడాదిదో చూశారా?

కొత్త అసోసియేట్:
చూశాను, పాతదే. ప్లాంట్ తర్వాత 9 మైళ్లు, 20 అంగుళాల లైన్, ఆ ముక్క మీద ఒక్క బావి కూడా లేదు. ఇది చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది.

పాత ఫైలు:
ప్లాంట్ నుంచి మెయిన్ లైన్‌కి చిన్న స్టబ్ లైన్ ఉంటే దాన్ని గ్యాస్ ప్రాసెసింగ్‌లో భాగంగా లెక్కేసి ఫెర్క్ వదిలేసిన సందర్భాలున్నాయి. ఆ వాదన మీకూ పనికొస్తుంది. కానీ ఆ 9 మైళ్లలో వేరేవాళ్ల గ్యాస్ కూడా వెళ్తుంటే వాదన బలహీనపడుతుంది.

డీల్ డెస్క్:
అయితే ఆ ముక్కని ఈ డీల్ నుంచి తీసేసి, మిగతాది ఇప్పుడే కొనండి.

పాత ఫైలు:
గ్యాస్ బయటికి వెళ్లే దారి అదే కదా! అది అమ్మేవాళ్ల చేతిలో ఉండిపోతే రేపు రేటు వాళ్లు చెప్పిందే. తర్వాత ఆ ముక్క ఫెర్క్ పరిధిలోదని తేలితే, దాన్ని కొనడానికి మీకు 7(సి), వదులుకోవడానికి వాళ్లకు 7(బి) అనుమతి కావాలి.

డీల్ డెస్క్:
సరే, ఈ 9 మైళ్ల వరకు పిటిషన్‌కి ఒప్పుకుంటాను. ప్లాంట్‌కి ముందు, బావుల వైపు ఉన్న లైన్ని మాత్రం అందులోకి లాగొద్దు, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. పిటిషన్ అమ్మేవాళ్ల పేరు మీదే వేయించండి, చరిత్ర వాళ్లది.

కొత్త అసోసియేట్:
ఈరోజు కాల్‌లో అదే అడిగాను. "మా పేరు మీద వద్దు" అన్నారు అమ్మేవాళ్లు. ఆ 9 మైళ్లలో ఎవరెవరి గ్యాస్ వెళ్తోందో నెలవారీ లెక్కలు కూడా అడిగాను. "చూసి చెప్తాం" అన్నారు.