పుచ్చు తీసే పద్ధతిని బట్టి ఫిల్లింగ్ సీల్ మారుతుందా?

ప్రశ్న:
క్లాస్ 2 (వెనక పళ్లలో పక్క పంటికి ఆనుకునే వైపు) కాంపోజిట్ (పంటి రంగు రెజిన్) ఫిల్లింగ్ గురించి. పుచ్చును డైమండ్ బర్‌తో (డ్రిల్ మొన) తీసినా, పపైన్ జెల్‌తో (పుచ్చును మెత్తబరిచే బొప్పాయి ఎంజైమ్) తీసినా, ఎర్బియం లేజర్‌తో తీసినా ఆ తర్వాత బాండింగ్ (ఫిల్లింగ్‌ను పంటికి అతికించడం) ఒకేలా చేయొచ్చా? వాడేది మైల్డ్ సెల్ఫ్ ఎచ్ (పంటి పైపొరను తానే కొద్దిగా కరిగించి అతుక్కునే జిగురు). లీకేజీ ఎక్కువగా చిగురు వైపు మార్జిన్‌లోనే (ఫిల్లింగ్ అంచులోనే) వస్తోంది.

జవాబు 1:
ఒకేలా చేస్తే కుదరదండీ. ముతక డైమండ్ బర్ డెంటిన్ (ఎనామెల్ కింది పొర) మీద మందపాటి స్మియర్ లేయర్ (గీకినప్పుడు మిగిలే పొడి పొర) వదులుతుంది. పీహెచ్ 2 దరిదాపుల్లో ఉండే మైల్డ్ సెల్ఫ్ ఎచ్‌కు దాన్ని దాటి దిగే శక్తి చాలదు, రెజిన్ ఆ పొడిలోనే ఆగిపోతుంది. చివర్లో ఫైన్ డైమండ్‌తోనో కార్బైడ్‌తోనో ఒకసారి సాపు చేయండి. ప్రైమర్‌ను (సెల్ఫ్ ఎచ్‌లో ముందు పూసే ద్రవం) ఊరికే తడిపి వదలకుండా, కంపెనీ చెప్పినంతసేపు మైక్రోబ్రష్‌తో రుద్దుతూ పూయాలి. ఎనామెల్ అంచులను మాత్రం 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌తో 15 నుంచి 30 సెకన్లు విడిగా ఎచ్ చేసి (గరుకు చేసి), బాగా కడగండి. యాసిడ్ డెంటిన్ మీదికి పాకకుండా చూసుకోండి.

జవాబు 2:
లేజర్, జెల్ సంగతి కలుపుతున్నాను. లేజర్ తర్వాత స్మియర్ లేయర్ ఉండదు, ట్యూబ్యూల్స్ (డెంటిన్‌లోని సన్నని గొట్టాలు) నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చూడ్డానికి బాండింగ్‌కు భలే అనుకూలం అనిపిస్తుంది, కానీ నమ్మకండి. పైపొరలో కొల్లాజెన్ (డెంటిన్‌లోని ప్రోటీన్ పోగులు) వేడికి చెడి ముద్దకట్టి ఉంటుంది, రెజిన్ అందులోకి సరిగా దూరదు. నీటి స్ప్రే తగ్గినా, ఎనర్జీ పెరిగినా ఈ నష్టం ఎక్కువవుతుంది. అందుకే ఆఖరి విడతలో ఎనర్జీ తగ్గించాలి. మార్జిన్‌ను చేతి పరికరంతోనో ఫైన్ బర్‌తోనో తేలిగ్గా గీకితే ఇంకా మేలు.

పపైన్ జెల్‌ను అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, మొద్దు స్పూన్ ఎక్స్కవేటర్‌తో నొక్కకుండా గీకాలి. జెల్ మురికిగా మారినంతకాలం మళ్లీ వేయాలి. తేటగా మిగిలితే ఆపి, బాగా కడగాలి. హైపోక్లోరైట్ ఉన్న జెల్ అయితే ఇంకా జాగ్రత్త: మిగిలిపోయిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిపడనివ్వదు. 10 శాతం సోడియం ఆస్కార్బేట్ పూసి కడిగితే ఆ ప్రభావం చాలావరకు పోతుంది.

జవాబు 3:
పై రెండూ నిజమే, కానీ మీ లీకేజీకి అసలు చిక్కు వేరే చోట ఉందనిపిస్తోంది. పల్ప్ (పంటి లోపల నరం, రక్తనాళాలు ఉండే భాగం) మీద తోలులాంటి డెంటిన్ కొంచెం మిగిలినా ఫర్వాలేదు, తీస్తే పల్ప్ బయటపడే ప్రమాదం ఉంది. చుట్టూ అంచుల్లో మాత్రం గట్టి డెంటిన్, గట్టి ఎనామెల్ వచ్చేదాకా ఏ పద్ధతైనా సరే, తీయాల్సిందే. సీల్ నిలిచేది అక్కడే. కేరీస్ డై (పుచ్చును గుర్తించే రంగు) మీదే ఆధారపడకండి, అది డెంటిన్–ఎనామెల్ సంధి దగ్గర ఆరోగ్యమైన డెంటిన్‌కూ రంగు పట్టిస్తుంది. గీకినప్పుడు చేతికి తగిలే గట్టితనమే గుర్తు.

చిగురు వైపు మార్జిన్ ఎనామెల్ దాటి కిందికి వెళ్తే, అడుగున రెజిన్ మాడిఫైడ్ గ్లాస్ అయానమర్ (పంటికి తానే అతుక్కునే సిమెంట్) పొర వేసి దానిపైన కాంపోజిట్ పెట్టండి, ఒక్కో పొర 2 మి.మీ. మించకుండా. మ్యాట్రిక్స్ బ్యాండ్‌ను (పంటి చుట్టూ పెట్టే పలుచని రేకు) వెడ్జ్‌తో (పళ్ల మధ్య దూర్చే చీల) బిగించాక అక్కడ రక్తం ఊరుతుంటే బాండింగ్ మొదలుపెట్టకండి, ముందు దాన్ని ఆపాలి.