సెర్చ్ పేజీలో సెట్టింగ్స్ అందరి కంటా పడాలంటే ఏం చేయాలి?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా చిన్న లైబ్రరీకి పుస్తకాలు వెతుక్కునే పేజీ నేనే చేశానండి. అక్షరాల సైజు పెంచుకోవచ్చు, తెలుగు పుస్తకాలే చూపించమనొచ్చు, పేజీకి 10 బదులు 50 ఫలితాలు తెప్పించుకోవచ్చు, కానీ ఇవన్నీ పైన కుడి మూలన పళ్ళచక్రం గుర్తు వెనక ఉన్నాయి, దాన్ని ఎవరూ నొక్కడం లేదు. నిన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతుంటే చాలా బాధేసింది, ఆయనకి కావలసింది అదే స్క్రీన్ మీద ఉంది మరి. గుర్తు తీసేసి, సెర్చ్ బాక్స్ కిందే "అక్షరాలు పెద్దవి చేయండి" అని మాటల్లో రాసేస్తే సరిపోతుందా, లేక ఫలితాలు వచ్చాక పక్కన చూపిస్తే మేలా? పాపప్ వేస్తే చదవకుండానే మూసేస్తారని నా భయం. ఇలాంటివి చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.