బెల్టు కొత్తది వేశాక గుయ్యిమంటోంది, డైనమో మార్చాల్సిందేనా?

గోదారోడు_77:
2012 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కి.మీ. తిరిగింది, హైడ్రాలిక్ స్టీరింగ్. బెల్టులు రెండు: డైనమోకీ వాటర్ పంపుకీ కలిపి ఒకటి, ఏసీ కంప్రెసర్‌కీ స్టీరింగ్ పంపుకీ ఇంకోటి. ఇదివరకు పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి అరనిమిషంలో ఆగేది. డైనమో బెల్టు కొత్తది వేసి గట్టిగా బిగించారు. కీచు పోయింది. ఇప్పుడేమో ఇంజన్ తిరిగినంతసేపూ సన్నగా గుయ్యిమంటోంది, ఆర్‌పీఎం (ఇంజన్ వేగం) పెరిగేకొద్దీ శ్రుతి పెరుగుతోంది. ఏసీ వేసినా ఆపినా తేడా లేదు. డైనమో మొత్తం మార్చేద్దాం అంటున్నాడు మెకానిక్. అంత ఖర్చు పెట్టేముందు లోపం అక్కడే ఉందని తేల్చుకునేదెలా?

స్పానర్_సెట్:
అప్పుడే డైనమో జోలికి పోకండి. మీ కారులో పాత సౌండూ కొత్త సౌండూ ఒకటి కాదు.

స్టార్ట్ చేయగానే కీచుమంటే బెల్టు లూజై జారుతున్నట్టు. సెల్ఫ్ కొట్టాక బ్యాటరీని మళ్లీ నింపడానికి డైనమో మీద లోడు ఎక్కువ పడుతుంది, అందుకే ఆ కాసేపే అరుస్తుంది. పిచ్చుకలా ఆగి ఆగి కిచకిచమంటే పుల్లీలు ఒక వరసలో లేవని. ఆగకుండా గుయ్యిమనేది చాలావరకు బేరింగో, స్టీరింగ్ పంపో, డైనమో లోపలి డయోడ్లో (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి) అయ్యుంటుంది. బెల్టు మార్చాకే మొదలైందంటున్నారు కాబట్టి నా అనుమానం అతిగా బిగించడం మీద.

ఒక చిన్న పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా స్ప్రే బాటిల్‌తో బెల్టు గాడుల వైపు కొంచెం మంచినీళ్లు కొట్టండి. సౌండు పెరిగితే బెల్టు జారుతోంది. కాసేపు పోయి మళ్లీ వస్తే పుల్లీ వరస తేడా. ఏమీ మారకపోతే బెల్టును వదిలేసి బేరింగుల సంగతి చూడండి. సబ్బు, పౌడరు, డబ్ల్యూడీ-40, బెల్టు డ్రెస్సింగ్ లాంటివి మాత్రం ఎవరు చెప్పినా పూయకండి. రోజంతా నోరు మూయించి, బెల్టునే పాడుచేస్తాయి.

తర్వాత బిగుతు. రెండు పుల్లీల మధ్య పొడవుగా ఉన్న చోట నడిమధ్యన సుమారు 10 కిలోల బలంతో బొటనవేలితో నొక్కితే ఎంత దిగాలో మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లలో మామూలుగా 6 నుంచి 10 మి.మీ. మధ్య. ఇనుప బద్దలా ఉంటే డైనమో పివట్ బోల్టు (డైనమో దాని మీదే ఊగుతుంది), బిగుతు మార్చే అడ్జస్టర్ వదులు చేసి సరిచేయించండి. అతి బిగుతు వల్ల డైనమో ముందు బేరింగూ వాటర్ పంపు బేరింగూ రెండూ అరుగుతాయి. సరిచేశాక సౌండు పూర్తిగా పోతే సంతోషం. తగ్గి, కొంచెం మిగిలితే బేరింగు అప్పటికే దెబ్బతిన్నట్టే.

నల్లరేగడి:
పైన చెప్పినదానికి ఇంకో మాట. మీకు బెల్టులు రెండు ఉండటం అదృష్టం, ఒక్కోటీ తీసి చూడొచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తాళం బయట పెట్టి, ఏసీ-స్టీరింగ్ బెల్టు తీయండి. స్టార్ట్ చేసి 30 సెకన్లు వినండి. సౌండు పోతే లోపం ఏసీ పుల్లీ, స్టీరింగ్ పంపు, ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే ఖాళీ పుల్లీ), ఈ మూడింటిలోనే. ఏసీ ఆపినా తేడా లేదని కంప్రెసర్‌ను లెక్కలోంచి తీసేయకండి, ఏసీ ఆపినా దాని పుల్లీ బేరింగు తిరుగుతూనే ఉంటుంది.

పోకపోతే రెండోదీ తీయండి. ఇప్పుడు వాటర్ పంపు తిరగదు, కాబట్టి నిమిషం దాటనివ్వొద్దు. బ్యాటరీ లైటు వెలుగుతుంది, కంగారు పడొద్దు. అప్పటికీ గుయ్యిమంటే అది ఇంజన్ లోపలిది, టైమింగ్ బెల్టు లేదా చైన్ వైపు చూడాలి.

బెల్టులు తీసి ఉండగానే, ఇంజన్ ఆపి, ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. ఐడ్లర్ ఒక్కసారి తిప్పితే గిరగిరా తిరుగుతూనే ఉంటే బాగుందనుకుంటారు చాలామంది. తప్పు, లోపల గ్రీజు ఎండిపోయింది. మంచి బేరింగు కొంచెం బరువుగా, చప్పుడు లేకుండా తిరిగి ఆగుతుంది. డైనమోలో బ్రష్‌ల సన్నటి రాపిడి మామూలే, గరగర మాత్రం ఉండకూడదు. వాటర్ పంపు పుల్లీని అటూ ఇటూ ఊపి ఆట (వదులు) ఉందేమో చూడండి. దాని కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన కూలెంట్ మరక కనిపిస్తే పంపు మార్చాల్సిందే.

మల్టీమీటర్_మావ:
డైనమో అని తేలినా మొత్తం అసెంబ్లీ మార్చక్కర్లేదు. ముందు బేరింగా, డయోడా? హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక డీఫాగర్ అన్నీ వేయండి. వేసిన క్షణమే గుయ్యిమనడం మారితే కరెంటు వైపు లోపం. మీటరు పెట్టి చూడండి: ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర డీసీ 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. మీటరు ఏసీ వోల్టులకు (కారు ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) మార్చి చూస్తే 0.5 దాటకూడదు, దాటితే డయోడ్ పోయినట్టే. కొన్ని చౌక మీటర్లు ఏసీలో ఉత్తుత్తి అంకెలు చూపిస్తాయి, అందుకని ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒకసారి చూసి పోల్చుకోండి.

బేరింగే అయితే ఆటో ఎలక్ట్రీషియన్ డైనమో విప్పి వేసేస్తాడు. పాతదాని మీద 6203, 6303 లాంటి నంబరు ఉంటుంది. రెండింటి లోపలి రంధ్రమూ 17 మి.మీ.నే, బయటి కొలత మాత్రం 40, 47. నంబరు చూడకుండా తేవద్దు. రెండువైపులా రబ్బరు సీలున్న 2ఆర్ఎస్, సీ3 (లోపల సందు కాస్త ఎక్కువున్న రకం) అడగండి. హౌసింగ్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే కొత్త బేరింగు కూడా వారంలో మళ్లీ పాట అందుకుంటుంది.

గోదారోడు_77:
నీళ్లు కొట్టి చూశాను, ఏ మార్పూ లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బెల్టు తీసే వీల్లేదు. తీయకుండా కనిపెట్టొచ్చా?

స్పానర్_సెట్:
పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. పిడి చెవి వెనక ఎముకకు ఆనించి, మొన డైనమో బాడీకి, బేరింగు ఉండే చోట పెట్టండి. తర్వాత వాటర్ పంపు హౌసింగ్, ఐడ్లర్ మధ్య బోల్టు, స్టీరింగ్ పంపు. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అదే. తిరిగే భాగాలకు మొన తగలకూడదు. కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడ గొలుసు ఏవీ వద్దు.

స్టీరింగ్ పంపు దగ్గర అనుమానమొస్తే ఆయిల్ లెవెల్, నురగ చూడండి. లెవెల్ తగ్గి గాలి పీలిస్తే పంపు అచ్చం ఇలాగే అరుస్తుంది, చక్రం తిప్పినప్పుడు ఇంకా ఎక్కువ. ఏ ఆయిల్ పోయాలో మూత మీద రాసి ఉంటుంది. పరీక్షకని చక్రాన్ని చివరిదాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టుకోకండి.