పసిపిల్లలతో నాలుగు రోజులు: మూడు రాజధానులా, ఒక్క కోపెన్‌హాగనా?

రెడింగ్ అమ్మ:
ఇంట్లో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడికి తెచ్చాను. మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటాం. పాపకు ఐదేళ్లు నిండాయి, బాబుకు రెండు. మే చివర్లో హాఫ్ టర్మ్ సెలవులు, రానూపోనూ ప్రయాణాలు తీసేస్తే చేతిలో మిగిలేది నాలుగు రోజులు. మా ఆయన ప్లాన్ ఇదీ: కోపెన్‌హాగన్‌లో దిగడం, రైల్లో స్టాక్‌హోమ్, అక్కణ్నుంచి రాత్రి షిప్‌లో హెల్సింకి, హెల్సింకి నుంచి ఫ్లైట్‌లో ఇంటికి. మళ్లీ మళ్లీ వెళ్తామా, ఒక్క దెబ్బకి మూడు దేశాలు అయిపోతాయి అంటారు. నేనేమో కోపెన్‌హాగన్‌లోనే వంటిల్లున్న ఫ్లాట్ తీసుకుని హాయిగా ఉండిపోదాం అంటున్నాను. అప్పటికి మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉంటారు, ఆవిడ శాకాహారి, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. వీటన్నిటి మధ్యలో లెగోలాండ్ (లెగో బొమ్మల పార్కు) అని పాప గొడవ. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు, అక్కడే ఉండేవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

మాల్మో బాబాయ్:
అమ్మా, మీ ఆయన ప్లాన్ కాగితం మీద బాగుంటుంది, గంటలు కూడి చూడండి. కోపెన్‌హాగన్ నుంచి స్టాక్‌హోమ్‌కి రైలు ఐదు గంటల పైమాటే. హెల్సింకి షిప్ సాయంత్రం ఐదు ప్రాంతంలో కదులుతుంది, అంతకు చాలా ముందే సామానుతో సహా టెర్మినల్లో ఉండాలి, తెల్లారి పది దాటాక గానీ దిగరు. అంటే స్టాక్‌హోమ్‌కి దక్కేది ఒక సాయంత్రం, ఒక పూట. ఆ పూటలో వాసా మ్యూజియం చూస్తారా, స్కాన్సెన్ చూస్తారా? వాసా అంటే 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన ఓడ, మీ పాప నోరు తెరుచుకుని చూస్తుంది, 18 ఏళ్ల లోపు వాళ్లకి టికెట్ కూడా లేదు. కానీ అదే దీవిలో ఉన్న స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియంకి మాత్రం తీరిగ్గా ఒక రోజంతా పెట్టాలి. ఎలుగుబంట్లు, రెయిన్‌డీర్లు, వందల ఏళ్ల నాటి ఇళ్లు. పరుగెత్తుతూ చూసేకన్నా ఇంకోసారికి ఉంచుకోవడం మేలు.

చిన్నపిల్లలున్న ఇంటికి నేను చూసే లెక్క ఒక్కటే, పెట్టెలు ఎన్నిసార్లు సర్దాలి అని. మీ ఆయన ప్లాన్‌లో రోజూ సర్దుడే, స్ట్రోలర్ మడతపెట్టుడే, పెద్దావిడ చెయ్యి పట్టుకుని కొత్త స్టేషన్లో లిఫ్ట్ వెతుకుడే. దేశాల లెక్కే కావాలంటే నేనుండే ఊరికి ఒక పూట రండి. కోపెన్‌హాగన్ సెంట్రల్ స్టేషన్ నుంచి వంతెన మీదుగా మాల్మో రైల్లో ముప్పావు గంట లోపే, మా ఊళ్లో థీమ్ ప్లేగ్రౌండ్లు బోలెడు, అన్నీ ఉచితం. పాస్‌పోర్టులు మాత్రం దగ్గర ఉంచుకోండి, స్వీడన్ వైపు వచ్చేటప్పుడు రైల్లో పోలీసులు అడుగుతుంటారు.

ఎక్సెల్ నాన్న:
బాబాయ్ గారూ, మీ లెక్క నేను ఒప్పుకోను. షిప్ ఎక్కిన గంటలన్నీ దండగ ఖాతాలో వేశారు మీరు. పిల్లలకి అసలు మజా అదే కదా! మేం మూడేళ్ల వాడితో వెళ్లాం, వాడికి ఏ మ్యూజియమూ పట్టలేదు, షిప్‌లో బంక్ బెడ్, బంతుల గది, కారిడార్లలో తిరిగే మూమిన్ అనే పిల్లల కథల బొమ్మలు, అంతే. స్టాక్‌హోమ్ దాటాక మొదటి కొన్ని గంటలూ షిప్ చిన్న చిన్న దీవుల మధ్య నుంచే వెళ్తుంది, మే నెలాఖరులో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, డెక్ మీద నిలబడి చూస్తే ఖర్చయిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగిందనిపిస్తుంది. పైగా ఆ రాత్రికి హోటల్ ఖర్చు లేదు.

ఇంకో మాట. రెండేళ్ల బాబుకి కోపెన్‌హాగన్ గుర్తుంటుందా, హెల్సింకి గుర్తుంటుందా? ఏదీ ఉండదు. గుర్తుండేది మనకి. మరి మనకి నచ్చింది ఎందుకు చూడకూడదు? పిల్లలు పుట్టినప్పట్నుంచి హాలిడే అంటే పార్కు బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు పంచడమే అని ఎవరు రాసిపెట్టారో నాకు తెలీదు. నన్నడిగితే కోపెన్‌హాగన్ తీసేసి స్టాక్‌హోమ్, షిప్, హెల్సింకి పెట్టుకోండి. మీ ఆయనకి రెండు రాజధానులు, మీకు రైలు బాధ లేదు.

పెరుగన్నం:
ఆ షిప్ మేమూ ఎక్కాం. ఎక్సెల్ నాన్న గారు చెప్పిన మజా నిజమే, కానీ ఏ రోజు ఎక్కామన్న దాన్ని బట్టి ఉంటుంది. దారిలో ఫిన్లాండ్‌కి చెందిన ఆలాండ్ దీవుల్లో ఆగుతుంది, ఆ దీవులు ఈయూ పన్నుల పరిధిలో లేవు, అందుకే షిప్‌లో మందు టాక్స్ ఫ్రీ. శుక్రవారం, శనివారం రాత్రులు తాగడానికే ఎక్కేవాళ్లు చాలామంది, మా పక్క క్యాబిన్‌లో తెల్లవారుజామున మూడింటికి పాటలు. ఆదివారం నుంచి గురువారం లోపల వెళ్లండి. కార్ల డెక్‌కి కింద ఉండే క్యాబిన్లు చవక, కిటికీ ఉండదు, ఇంజన్ చప్పుడు వింటూ పడుకోవాలి, పెద్దావిడని అక్కడ ఉంచకండి.

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు తగువు అక్కడే మొదలవుతుంది. శాకాహారి అత్తగారు, రెండేళ్ల బాబు, ఇద్దరికీ రెండు పూటలా బయటి తిండి అంటే నాలుగో రోజుకి ఎవరి మొహాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఫ్లాట్ ఉంటే నెట్టో, రెమా లాంటి కొట్లో బియ్యం, కూరగాయలు, పెరుగు కొనుక్కుని గంటలో పని కానిచ్చేయొచ్చు. స్కిర్ అని పెరుగు లాంటిది దొరుకుతుంది, మరీ చిక్కన, అన్నంలోకి అయితే కాస్త పాలో నీళ్లో కలపండి. పచ్చళ్లు, పొడులు యూకే నుంచి తీసుకెళ్లొచ్చు. నెయ్యి మాత్రం వద్దు! బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి ఈయూలోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం కుదరదు. పసిపిల్లల పాలపొడికి 2 కిలోల దాకా మినహాయింపు ఉంది. అత్తగారు విజయవాడ నుంచి తెచ్చిన నెయ్యి సీసా ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో పడితే ఆ నాలుగు రోజులూ మీరే వినాలి.

కోపెన్‌హాగన్‌కే నా ఓటు.

స్టాంపుల సుబ్బు:
ఊరు తర్వాత, ముందు వీసా చూడండి. మీ అత్తగారు విజిటర్‌గా యూకే వస్తున్నారు కదా, షెంగెన్ వీసా (ఈ మూడు దేశాలతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) నివాసం ఉన్న దేశంలోనే అప్లై చేయాలన్నది మామూలు రూలు. యూకేలో విజిటర్‌గా ఉండి ఇక్కడే అప్లై చేస్తామంటే ఇక్కడే ఎందుకు అన్నదానికి కారణం చూపించాలి, ఒప్పుకోవాలని ఏమీ లేదు. కాబట్టి ఆవిడ ఇండియాలో ఉండగానే తీసుకుని రావడం మేలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి, 15 రోజుల్లో తేలుస్తామంటారు గానీ సీజన్లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం.

ఏ దేశానికి అప్లై చేయాలన్నది మీ పంచాయితీకి ముడిపడి ఉంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మూడు రాజధానుల ప్లాన్‌లో తలా ఒక రాత్రి, షిప్‌లో ఒక రాత్రి, దాన్ని కాగితాల మీద వివరించడం తలనొప్పి. ఒకే ఊరైతే ఒకే బుకింగ్ కాగితం. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు ఉచితం. మీ పిల్లలవి ఏ పాస్‌పోర్టులు?

రెడింగ్ అమ్మ:
పిల్లలవి బ్రిటిష్, మా ఇద్దరివీ ఇండియన్. అత్తగారి విషయం అస్సలు తట్టలేదు, ఆవిడ ఇక్కడికి వచ్చాక చూద్దాం అనుకున్నాం. చాలా థాంక్సండీ.

స్టాంపుల సుబ్బు:
పిల్లలకి వీసా అక్కర్లేదు. మీ ముగ్గురికే. 2025 అక్టోబరు నుంచి బోర్డర్ దగ్గర కొత్త రిజిస్ట్రేషన్ మొదలైంది, 12 ఏళ్ల లోపు వాళ్లకి వేలిముద్రలు తీసుకోరు, ఫొటో మాత్రమే. క్యూలో బాబుకి తినడానికి ఏదైనా చేతిలో ఉంచండి.

మంచుపిచ్చి:
అందరూ మే నెల గురించే మాట్లాడుతున్నారు, నార్డిక్ దేశాలకి వెళ్లి మంచు చూడకుండా రావడమేంటో! ఐదేళ్ల పాపకి శాంటా మీద నమ్మకం ఉండే వయసు ఇదే, రెండేళ్లాగితే ఇక ఉండదు. ఈ ట్రిప్ మానేసి డిసెంబరులో ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న రొవానియెమి వెళ్లండి. శాంటా విలేజ్ ఆర్కిటిక్ రేఖ మీదే ఉంటుంది, లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, శాంటాని కలవడమూ ఉచితమే, ఫొటోకి మాత్రం డబ్బులు. హెల్సింకి నుంచి రాత్రి రైలుంది, క్యాబిన్‌లో పడుకుంటే పొద్దున్నే అక్కడ.

మాల్మో బాబాయ్:
పిచ్చి గారూ, డిసెంబరు మూడో వారంలో అక్కడ సూర్యుడు కనిపించేది రెండు గంటల చిల్లర, అదీ మబ్బు లేకపోతే. మైనస్ 20లో రెండేళ్ల బాబుకి ఐదు పొరలు తొడిగేసరికి వాడు డైపర్ తడుపుతాడు. క్రిస్మస్ ముందు ధరలు ఏ స్థాయిలో ఉంటాయో చెప్పక్కర్లేదు. మంచే కావాలంటే మార్చి. మంచు అలాగే ఉంటుంది, పగలు 12 గంటలు, చీకటి పడితే అరోరాకి (ఆకాశంలో కనిపించే రంగు వెలుగులకి) ఇంకా అవకాశం ఉంటుంది. మే చివరికి మాత్రం ఏమీ మిగలదు, కరిగిన నీళ్లు తప్ప.

మంచుపిచ్చి:
మార్చిలో ఇంగ్లండ్ స్కూళ్లకి మామూలుగా సెలవు ఉండదు బాబాయ్. వారం మాన్పిస్తే పేరెంట్ ఒక్కొక్కరికీ 80 పౌండ్లు ఫైన్. అది కూడా ఖర్చులో వేసుకుంటే సరి 🙂

ఎక్సెల్ నాన్న:
ఈవిడ అడిగింది మే గురించి, మనం శాంటా దగ్గరికి పోయాం.

విండ్సర్ వాకిలి:
లెగోలాండ్ గురించి ఒక్క ముక్క. మీరుండేది రెడింగ్. విండ్సర్‌లో లెగోలాండ్ మీ ఇంటికి అరగంట డ్రైవ్. దానికోసం డెన్మార్క్ అడ్డంగా దాటతారా? అక్కడి లెగోలాండ్ ఉన్న బిల్లుండ్‌కి రైల్వే స్టేషన్ కూడా లేదు, కోపెన్‌హాగన్ నుంచి రైల్లో వైలె దాకా రెండు గంటల పైన, అక్కణ్నుంచి బస్సు. 1968 నాటి అసలు పార్కు అదే అనే సెంటిమెంటు ఉంటే అది పెద్దవాళ్ల సెంటిమెంటు. అక్కడ మాత్రమే ఉండేది 2017లో తెరిచిన లెగో హౌస్, అది నిజంగా బాగుంటుంది, దానికోసమైతే నేరుగా బిల్లుండ్‌లో దిగే ట్రిప్ ఇంకెప్పుడైనా వేరేగా పెట్టుకోండి. పాపకి ఈలోపు విండ్సర్.

పెరుగన్నం:
ఇది నాకు తట్టనే లేదు, కరెక్టండీ 😀

రెడింగ్ అమ్మ:
పాపకి చెప్పే ధైర్యం ఉన్నవాళ్లు ముందుకు రండి. సరే, కోపెన్‌హాగన్‌లోనే ఉంటే నాలుగు రోజులు నిజంగా సరిపడా ఉందా? మా ఆయన వాదన అదే, రెండో రోజు సాయంత్రానికి బోర్ కొడుతుంది, ఆ జలకన్య బొమ్మ తప్ప ఏముందీ అని.

మాల్మో బాబాయ్:
జలకన్య బొమ్మని నేను లిస్టులోంచి తీసేస్తాను. చిన్నది, చుట్టూ ఫొటోల జనం, పిల్లలకి ఏమీ లేదు. మీ పాపకి సైకిల్ వచ్చా? ఫెలెడ్‌పార్కెన్‌లో ట్రాఫిక్ ప్లేగ్రౌండ్ ఉంది, పిల్లల సైజు రోడ్లు, సిగ్నళ్లు, గీతలు, వాళ్లే సైకిళ్లు తొక్కుతూ రూల్స్ నేర్చుకుంటారు. పైసా ఖర్చు లేదు. ఒక పూట అక్కడే గడిచిపోతుంది, పెద్దావిడకి కూర్చోవడానికి చోటు ఉంటుంది. రౌండ్ టవర్‌లో మెట్ల బదులు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లే వాలుదారి, చివర్లో మాత్రం కొన్ని మెట్లుంటాయి, పెద్దావిడ దాని ముందు ఆగిపోవచ్చు. నేషనల్ మ్యూజియంలో పిల్లల విభాగం విడిగా ఉంది, అక్కడ వస్తువులు ముట్టుకోవచ్చు. వర్షం పడిన రోజుకి అది. టివోలి అనే రైడ్ల పార్కు మే చివర్లో తెరిచే ఉంటుంది, 1843 నుంచి నడుస్తోంది, సాయంత్రం వెళ్లండి, కానీ లోపల రైడ్లకి విడిగా డబ్బులు, గేటు టికెట్‌తో అయిపోదు. మెట్రోకి డ్రైవర్ ఉండడు, ముందు సీట్లో పిల్లలని కూర్చోబెడితే దిగమంటే దిగరు. పెద్దవాళ్ల టికెట్ మీద ఒక్కొక్కరితో 12 ఏళ్ల లోపు ఇద్దరు పిల్లలు ఫ్రీ. ఎయిర్‌పోర్టు దగ్గర్లో అక్వేరియం ఉంది, బయల్దేరే రోజుకి ఉంచుకోండి. మధ్యలో మాల్మో ఒక పూట.

గాలి చలిగా ఉంటుంది, మే అని కాటన్ బట్టలు తెచ్చేరు. పగలు 16, 17 డిగ్రీలు. తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వస్తుంది, ఫ్లాట్‌లో నల్లటి కర్టెన్లు ఉన్నాయో లేదో బుక్ చేసే ముందు అడగండి. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, అది ఇంకా ముఖ్యం. ఫొటోల్లో అందంగా కనిపించేవి తరచూ నాలుగో అంతస్తులో ఉంటాయి.

ఎక్సెల్ నాన్న:
సరే, అత్తగారి మోకాళ్లు, వీసా కాగితాలు చూస్తే ఈసారికి ఒకే ఊరు అని నేనూ ఒప్పుకుంటా. కానీ ఇది ఈ ఇంటి లెక్క, పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇదే రూలు అంటే ఒప్పుకోను. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక్క పిల్లాడు, వంట పట్టింపు లేదు, అలాంటి వాళ్లకి నేను ఇప్పటికీ షిప్పే చెప్తా.

రెడింగ్ అమ్మ:
ఈ పోస్టులన్నీ మా ఆయనకి చూపించాను. ఎక్సెల్ నాన్న గారి మొదటి పోస్టు దగ్గర ఆగి "చూశావా" అన్నారు, సుబ్బు గారి పోస్టు దగ్గర మాట్లాడలేదు. అత్తగారికి ఈ రోజే ఫోన్ చేసి పాత పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు తీసి ఉంచమన్నాం. ఫ్లాట్ వెతుకుతున్నాను, గ్రౌండ్ ఫ్లోర్ లేదా లిఫ్ట్. మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్ట్ ఉంటుందా బాబాయ్ గారూ?

మాల్మో బాబాయ్:
ఉంటుందమ్మా. స్ట్రోలర్ మడత పెట్టకుండా నేరుగా లోపలికి తోసుకెళ్లొచ్చు. మాల్మో వచ్చే రోజు ముందుగా ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, ఏ ప్లేగ్రౌండ్ దగ్గర దిగాలో చెప్తాను.