బీచ్ దగ్గర ఇంటికి ఏ ఫ్రిజ్ మంచిది? (నలుగురం, విశాఖ ఎంవీపీ కాలనీ)

ఎంవీపీ వాసి:
పాత 190 లీటర్ల సింగిల్ డోర్‌లో గ్యాస్ నిలవడం లేదు. లీకు బాడీ లోపలి పైపులో ఉంది, బాగుచేయించడం దండగ అని మెకానిక్ తేల్చేశాడు. ఇంట్లో నలుగురం. ఆదివారం చేపలు, వారానికి సరిపడా కూరగాయలు, ఇడ్లీ పిండి, ఇదీ వాడకం. ఫ్రిజ్ పెట్టే గూడు వెడల్పు 66 సెంటీమీటర్లు, మూడు వైపులా గోడే. 5 స్టార్ సింగిల్ డోరా, 3 స్టార్ డబుల్ డోరా తేలడం లేదు. షాపులో మాత్రం 300 లీటర్లు దాటిన కన్వర్టిబుల్ (ఫ్రీజర్‌ని కావాలంటే మామూలు ఫ్రిజ్‌గా మార్చుకునేది) తీసుకోమంటున్నారు. స్టెబిలైజర్ కూడా కావాలా?

కాపర్ కాయిల్:
స్టార్ల సంగతి తర్వాత, ముందు టేపు తియ్యండి. 300 లీటర్లు దాటిన డబుల్ డోర్ దాదాపు 60 సెం.మీ. వెడల్పు ఉంటుంది. మీ గూట్లో పెడితే ఒక్కో పక్క 3 సెం.మీ. మిగులుతుంది, అది చాలదు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనక నల్ల జాలీ ఉండదు, వేడిని బయటికి వదిలే కండెన్సర్ పైపు పక్క రేకుల లోపలే తిరుగుతుంది. అందుకే పక్కలు ముట్టుకుంటే వేడిగా ఉంటాయి. ఆ వేడి పోయే దారి లేకపోతే కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, బిల్లు పెరుగుతుంది. 240-260 లీటర్లవి 55 సెం.మీ. దగ్గర దొరుకుతాయి, అప్పుడు చెరో పక్క 5 సెం.మీ. పైచిలుకు ఖాళీ వస్తుంది. వెనక 10 సెం.మీ. వదలండి. పైన అల్మారా ఉంటే కనీసం ఒక జానెడు ఖాళీ ఉండాలి. నలుగురికి 250 లీటర్లు ధారాళంగా సరిపోతాయి. బ్రోషర్‌లో గ్రాస్ (మొత్తం) కాదు, నెట్ (నిజంగా సామాను పట్టే) లీటర్లు చూడండి.

ఇక ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన ఫ్రిజ్ పాడవడం చాలావరకు కింద నుంచే మొదలవుతుంది. ఇల్లు కడిగిన నీళ్లు, ఫినాయిల్ తడి, పైన ఉప్పు తేమ, మూడూ కలిసి అడుగు రేకునీ కంప్రెసర్ దగ్గరి పైపు అతుకులనీ తినేస్తాయి. 10 సెం.మీ. ఎత్తు ప్లాస్టిక్ స్టాండ్ వేయండి, ఇనప స్టాండ్ అదే ముందు తుప్పు పడుతుంది. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టొద్దు. రెండు నెలలకోసారి ప్లగ్ తీసి, వెనకా కిందా పొడిగుడ్డతో తుడవండి.

బిల్లు లెక్క:
స్టార్లను ఒకే రకం, ఒకే సైజు ఫ్రిజ్‌ల మధ్యే పోల్చాలి. సింగిల్ డోర్ 5 స్టార్‌నీ డబుల్ డోర్ 3 స్టార్‌నీ పక్కపక్కన పెట్టి లాభం లేదు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, అదే చూడండి. ఒకటి 210, ఇంకోటి 150 అనుకుందాం. తేడా 60 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలైతే ఏడాదికి 360. ధరలో తేడా 4,000 ఉంటే అది తిరిగి రావడానికి 11 ఏళ్లు పడుతుంది. ఏసీ వాడకంతో మీరు పై శ్లాబులో ఉంటే లెక్క మారుతుంది, మీ బిల్లులో ఆఖరి శ్లాబు రేటు వేసుకుని చూడండి. స్టార్ సంగతి ఎలా ఉన్నా ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) ఉన్నదే తీసుకోండి.

స్టెబిలైజర్ గురించి: పని చేసే వోల్టేజ్ రేంజ్ మాన్యువల్‌లో ఉంటుంది. మీ ఇంటి వోల్టేజ్ ఆ హద్దులు దాటకపోతే అనవసరం. పిడుగుల వేళా, తుపాను తర్వాత కరెంటు వచ్చీపోయీ ఉన్నప్పుడూ మాత్రం ప్లగ్ తీసేయడమే మేలు, పీసీబీ (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) పోతే ఖర్చు ఎక్కువ.

డీఫ్రాస్ట్:
డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీకే (ఐసుని తనే కరిగించుకునే రకం) నా ఓటు. విశాఖ గాలిలో తేమ వల్ల సింగిల్ డోర్‌లో ఐసు తొందరగా పేరుకుంటుంది. అరసెంటీమీటరు దాటితే కరిగించాలి. ఓపిక లేక కత్తితో పొడిచారంటే ఫ్రీజర్ రేకుకి చిల్లు పడి గ్యాస్ మొత్తం పోతుంది.

ఫ్రాస్ట్ ఫ్రీకీ జబ్బులున్నాయి. ఫ్రీజర్ గట్టిగా ఉంది, కింద మాత్రం పాలు విరుగుతున్నాయి అంటే చాలావరకు డీఫ్రాస్ట్ హీటరో సెన్సరో పోయి, కాయిల్ చుట్టూ ఐసు కట్టి చల్లగాలి కిందికి దిగడం లేదన్నమాట. అప్పుడు గ్యాస్ తక్కువైందని ఎవరైనా చెబితే నమ్మకండి. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలిస్తే డ్రెయిన్ గొట్టం మూసుకుంది, చిన్న సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టండి. శ్రావణ భాద్రపదాల్లో తలుపు అంచుల మీద చెమ్మ పట్టడం రోగం కాదు.

కన్వర్టిబుల్ మీకు దండగ. పై గదిని ఫ్రిజ్‌గా మారిస్తే కోనాం ముక్కలు పెట్టేదెక్కడ? చేపకి మైనస్ 18 కావాలి.

వారంటీలో ఇంకో తిరకాసు. కంప్రెసర్ పదేళ్లని పెద్దక్షరాల్లో ఉంటుంది, గ్యాస్, పైపులు, పీసీబీ మాత్రం సాధారణంగా మొదటి ఏడాదికే. తుప్పుకి వర్తిస్తుందో లేదో కార్డులో చదివాకే డబ్బు కట్టండి.

ఎంవీపీ వాసి:
సరేనండీ, 250 దగ్గర డబుల్ డోరే చూస్తాం. ఇంటికి తెచ్చాక వెంటనే ఆన్ చేయొచ్చా?

కాపర్ కాయిల్:
నిలబెట్టి తెస్తే ఓ గంట ఆగితే చాలు. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారా, కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి జారుతుంది, కనీసం నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచండి. ఆన్ చేశాక ఖాళీగా మూడు నాలుగు గంటలు తిప్పి, అప్పుడు సామాను పెట్టండి. మర్నాడు మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి చూడండి, 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంకో మాట, తలుపు గోడ వైపు తెరుచుకుంటే కూరగాయల ట్రే పూర్తిగా బయటికి రాదు. గూడు ఫొటో తీసుకుని షాపుకి వెళ్లి, తలుపు 90 డిగ్రీల దగ్గర ఆపి ట్రే లాగి చూడండి.