భీమిలి ఒడ్డున సగ్గుబియ్యంలాంటి గింజలు, పళ్ల చక్రాలు: ఏంటివి?

ఉప్పుగాలి:
వాయుగుండం వెళ్లిన మూడోరోజు పొద్దున భీమిలి దగ్గర నడకకి వెళ్లాం. అలలు వచ్చి ఆగేచోట చెత్తంతా గీత గీసినట్టు పేరుకుంది. తెగిన వల తాళ్లు, థర్మోకోల్, చెప్పులు (జత ఒక్కటీ ఉండదు, అదేం మాయో), ఇవన్నీ మామూలే. ఈసారి మాత్రం తెలియనివి రెండు దొరికాయి. ఒకటి అచ్చం సగ్గుబియ్యంలా ఉన్న గింజలు, కొన్ని తెలుపు, కొన్ని లేత పసుపు, మా పాప గుప్పెడు ఏరేసింది. వల కుట్టుకుంటున్న పెద్దాయన చేప గుడ్లమ్మా అన్నారు గానీ గోటితో నొక్కితే చితకడం లేదు. రెండోది రూపాయి బిళ్లంత చక్రం, లోపల ప్లస్ గుర్తులా అడ్డాలు, చుట్టూ పళ్లు. పదకొండు దొరికాయి. బొమ్మకారు చక్రాలంటే ఇరుసుకి చిల్లే లేదు. పాప స్కూలుకి పట్టుకెళ్తానంటోంది, ముట్టుకోవచ్చా లేదా అని నాకు టెన్షన్.

దానాబాబు:
గింజలు మేం రోజూ చూసేవేనండీ. ప్లాస్టిక్ దానా అంటాం, బకెట్లు, మూతలు, కవర్లు అన్నీ దీన్ని కరిగించే చేస్తారు. ఇంగ్లిషులో నర్డిల్స్. సాధారణంగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటాయి. ఖాయం చేసుకోవాలంటే బయట గాలిలో సూది కాల్చి గుచ్చండి, ప్లాస్టిక్ అయితే మెత్తబడి సూదికి అంటుకుంటుంది, విత్తనమో గుడ్డో అయితే మాడుతుంది. కాల్చి వాసన చూడమని ఎవరైనా చెప్తే వినకండి, ఆ పొగ మంచిది కాదు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ రెండూ నీళ్లకన్నా తేలిక కాబట్టి తేలుతూ ఒడ్డుకొస్తాయి, పీవీసీ ముక్కలు మునిగిపోతాయి. లేత పసుపువి చాలాకాలం ఎండకీ నీళ్లకీ నానినవి అయ్యుండొచ్చు. సముద్రంలో ఉన్న విష రసాయనాలు వీటికి పట్టుకుంటాయి, అందుకే పాప చేతులు సబ్బుతో కడిగించండి. చూపించడానికి మూత బిగించిన సీసాలో పోసిస్తే చాలు.

తీరవాసి:
2025 మే నెలలో కొచ్చి దగ్గర మునిగిన ఎమ్మెస్సీ ఎల్సా 3 ఓడ నుంచి వచ్చినవేనేమో? అప్పుడు తిరువనంతపురం బీచ్‌ల నిండా ఇవే. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలిపోయినప్పుడూ అంతే.

దానాబాబు:
గుప్పెడు గింజలు చూసి ఓడ పేరు చెప్పలేం అన్నా. లారీలో బస్తా చిరిగినా, ఫ్యాక్టరీ ముందు ఊడ్చి కాలవలోకి తోసినా చివరికి సముద్రంలోకే. మా షెడ్డులో కిందపడ్డవి ఎవరు ఎత్తుతారు చెప్పండి.

రాత్రిడ్యూటీ:
ఆ చక్రాలు మావి మేడమ్! అంటే నావని కాదు, మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్లవి (ఎస్టీపీ అంటాం). హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఎస్టీపీ చూసుకుంటా, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో ఇవి వేలకి వేలు తిరుగుతుంటాయి, మీడియా అంటాం. ఆ అరల్లో బ్యాక్టీరియా పాకుడులా పట్టి మురికిని తింటుంది. బయటికి పోకుండా జాలీ ఉంటుంది, అది చిరిగినా ట్యాంకు పొంగినా నీళ్లతోపాటే పోతాయి. అవి మురుగులో తిరిగినవి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఒక్కచోటే పదకొండు అంటే ఎక్కడో బాగానే పోయినట్టుంది.

ఉప్పుగాలి:
అయ్యో, వాటిని సింకులో కడిగా! సూది పరీక్ష చేశా, గింజ సూదికి అతుక్కుంది, ప్లాస్టిక్కే. పెద్దాయనకి చెప్తే నమ్మలేదు, ఇంకో గింజ తీసుకుని పంటితో కొరికి చూశారు, ఆపేలోపే. ఇంకో సందేహం, ఒక షాంపూ సీసా మీద గుండ్రటి లిపి ఉంది, మన తెలుగులాగే అనిపిస్తుంది గానీ ఒక్క అక్షరం చదవలేకపోతున్నా.

తీరవాసి:
బార్‌కోడ్ అంకెలు చూడండి. 890 అయితే ఇండియా, 479 శ్రీలంక, 885 థాయ్‌లాండ్, 883 మయన్మార్. అది కంపెనీ ఏ దేశంలో నమోదైందో చెప్తుంది, ఎక్కడ తయారైందో కాదు.

ఉప్పుగాలి:
883!

తీరవాసి:
అయితే బర్మా లిపే. అక్కణ్ణుంచి తేలుతూ వచ్చిందని మాత్రం అప్పుడే అనుకోవద్దు, వైజాగ్‌కి వచ్చే ఓడల్లోంచి ఎవరైనా విసిరి ఉండొచ్చు. సీసాకి గవ్వల్లాంటి జీవులు అతుక్కుని ఉన్నాయా? ఉంటే చాలా రోజులు నీళ్లలో ఉన్నట్టే.

రాత్రిడ్యూటీ:
ఆ చక్రాలు పారేయకండి, దగ్గర్నుంచి ఫొటో పెట్టండి, అరలు లెక్కపెట్టి ఏ రకమో చెప్తా. సింకులో బ్లీచింగ్ వేసి కడగండి ముందు.